జాగారం కాఫీ

ఫర్లాంగు రాయి గెంతింది!

తెల్లగా సున్నం కొట్టిన రాయి. జీపు లైట్ల వెలుగులో రోడ్డు వార బుద్ధిగా నిలబడి ఉంది. చూస్తుండగానే పక్కకు జరిగింది... మళ్ళీ వెనక్కొచ్చింది.

సబ్ ఇన్‌స్పెక్టర్ శేషగిరి కళ్ళు నులుముకున్నాడు.

రాళ్ళు గెంతవు. పోయిన నెల ఎనిమిది గ్రహాలూ ఒకే ఇంట్లో చేరితే లోకం మునిగిపోతుందని జనం అన్నం నీళ్ళు మానేసి భజనలు చేశారు. అప్పుడే గెంతని రాయి ఇప్పుడెందుకు గెంతుతుంది?

ఇంకో రాయి వచ్చింది.

అదీ గెంతింది!

"బాషా, రోడ్డు బాగా కనపడతాందా నీకు?"

జవాబు లేదు.

శేషగిరి పక్కకు తిరిగాడు. డ్రైవర్ అమీర్ బాషా రెండు చేతులతో స్టీరింగు పట్టుకునే ఉన్నాడు. కానీ గడ్డం గుండెకు ఆనింది. నోటి చివర సొంగ కారుతోంది.

"బాషా!!"

రోడ్డు ఎడమకు తిరిగింది. జీపు తిరగలేదు!

ఎదురుగా కల్వర్టు గోడ!

శేషగిరి స్టీరింగు మీదికి చెయ్యి చాపాలనుకున్నాడు. అనుకున్నాడు... చెయ్యి కదల్లేదు. ఒక క్షణం గడిచాక, పిలిస్తే విసుక్కుంటూ లేచే పాలేరులా, అప్పుడు లేచింది.

పట్టుకున్నాడు. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి గుంజాడు!

జీపు గోడను రాసుకుంటూ పోయింది. నిప్పురవ్వలు! కంపచెట్లు టాపును చీల్చాయి. వెనక ఆడమనిషి కేక! ముందు చక్రం గుంతలో పడింది. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.



"అందరూ బాగుండారా?" శేషగిరి అడిగాడు.

"ఉండాం సామీ..." వెనక సీట్లోంచి సావిత్రమ్మ. "బాషాకు ఏమైంది?"

"నిద్రపోయినాడు."

"నిద్రా?!" ఆమె పక్కనున్న మరిది గురుప్రసాద్ గొంతు పైకి లేచింది. "ఇప్పుడే గదా సార్ పొద్దు మునిగింది!"

శేషగిరికీ అంతుపట్టలేదు. ఇవ్వాళ శివరాత్రి. దాటొచ్చిన ప్రతి ఊళ్ళోనూ వాకిట్లో దీపాలు పెట్టుకుని జనం జాగారానికి కూచున్నారు. అటు రంజాను నెల చివరికొచ్చింది. మసీదుల్లోనూ ఇది మేలుకునే రాత్రే. హిందువుల జాగారం, సాయిబుల జాగారం ఒకే రోజున వచ్చి కూచున్నాయి. కడప జిల్లా మొత్తం కళ్ళు తెరుచుకుని ఉన్న పూట... ఇన్నేళ్ళ సర్వీసులో స్టీరింగు మీద ఆవలించి ఎరగని అమీర్ బాషా గుర్రుపెడుతున్నాడు!

చెంప మీద ఒకటిచ్చాడు. ఇంకోటి గట్టిగా ఇచ్చాడు.

బాషా ఒక కన్ను సగం తెరిచాడు. "తెల్లారుజామున సహరీకి లేపండి సార్..." అని మళ్ళీ మూసేశాడు.

ఇది నిద్ర కాదు. మత్తు!

శేషగిరి నాలుకతో పెదాలు తడుముకున్నాడు. మరి తన సంగతి? నాలుక మందంగా ఉంది. కనురెప్పల మీద ఎవరో చెయ్యేసి నొక్కుతున్నట్టుంది. రాళ్ళు గెంతుతున్నాయి.

తనూ ఆ మత్తులోనే ఉన్నాడు!

అప్పుడే చూశాడు. వెనక... దూరంగా... రోడ్డు మీద రెండు లైట్లు.

"దిగండి! బిన్నా దిగండి! బాషాను వెనక్కి ఎక్కించండి. బండి నేను నడపతా. సావిత్రమ్మగారూ, మీరు ముందుకు రండి. నా పక్కన."

గురుప్రసాద్, తనూ కలిసి బాషాను వెనక సీట్లో పడేశారు. శేషగిరి కాలు క్లచ్ కోసం వెతికింది. దొరికింది. రివర్సు. ఇంజను అరిచింది. జీపు గుంతలోంచి ఎగిరి రోడ్డెక్కింది.

వెనక లైట్లు పెద్దవయ్యాయి.

వాళ్ళెవరో తెలియదు. ఎందుకొస్తున్నారో మాత్రం శేషగిరికి తెలుసు. పక్క సీట్లో కూచున్న మనిషి కోసం!

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వీధిలో రామకృష్ణయ్య అంటే తెలియనివాళ్ళు లేరు. దసరాకు ముందు, అంగడి మూసి ఇంటికొచ్చిన మనిషిని నడవలోనే పొడిచి చంపారు. చూసింది ఒక్కతే. ఆయన భార్య సావిత్రమ్మ. "మా అంగట్లో నగలకు మెరుగు పెట్టే ఖాజా పొడిచినాడు" అని చెప్పింది. ఖాజా సబ్‌జైల్లో ఉన్నాడు. "నేను గాదు సార్" అని ఇప్పటికీ ఏడుస్తూనే ఉన్నాడు. ఏడవని ముద్దాయిని శేషగిరి ఇంతవరకూ చూళ్ళేదు.

ఆమె ఇంటి మీద రాళ్ళు పడ్డాయి. నోరు తెరిస్తే చంపుతామని కబుర్లు వచ్చాయి. అందుకే ఇన్నాళ్ళూ పులివెందులలో, పిన్నమ్మ వెంకటసుబ్బమ్మ ఇంట్లో దాచారు. రేపు పొద్దున ప్రొద్దుటూరు కోర్టులో ఆమె సాక్ష్యం. ఆమెను ప్రాణాలతో బోను ఎక్కించాలి. శేషగిరికి ఇంకే పనీ లేదు, ఇంకే ధ్యాసా లేదు.

ఎర్రగుంట్ల దారిలో కాపు కాస్తారని సమాచారం వచ్చింది. సరే, ముద్దనూరు నుంచి జమ్మలమడుగు మీదుగా చుట్టు తిరిగి పోదామనుకున్నాడు. ఆ మాట కూడా పులివెందుల పొలిమేర దాటాకే చెప్పాడు. విన్నది ముగ్గురు. బాషా, సావిత్రమ్మ, గురుప్రసాద్.

మరి ఆ లైట్లు ఈ దారిన ఎలా వచ్చాయి?

జీపులోనే ఉన్నాడు... ఇంటిదొంగ!

"సార్..." వెనక నుంచి గురుప్రసాద్ ముందుకు వంగాడు. ఊపిరి మెడకు తగులుతోంది. "ఒక్క నిమిషం జీపు ఆపండి సార్. మీతో ఒంటిగా ఒక మాట చెప్పాల."

"ఇప్పుడా?!"

"ఇప్పుడే సార్. మల్లా కుదరదు."

"వెనక కారొస్తాంటే జీపు ఆపమంటావా? గమ్మున కూచో!"

గురుప్రసాద్ కూచున్నాడు. శేషగిరి ఎడమ చేత్తో నడుము దగ్గర రివాల్వర్ తడుముకున్నాడు. ఉంది.

ఏంది వీడి తొందర? అసలు వీడెందుకొచ్చాడు? చచ్చిపోయినాయన సొంత తమ్ముడు. వీడికీ కోర్టు సమన్లు ఉన్నాయి, నిజమే. ప్రొద్దుటూరులో ఉండే మనిషి రేపు పొద్దున చెప్పులేసుకుని నడిచి పోవచ్చు కోర్టుకు. అది మాని బస్సెక్కి పులివెందుల దాకా వచ్చి, ఎస్కార్టు జీపులో తిరుగు ప్రయాణమేంటి? అడిగితే "వదిన కబురు పెట్టింది సార్, తోడు రమ్మని" అన్నాడు. అప్పుడు సబబుగానే వినిపించింది.

ఇప్పుడు వినిపించడం లేదు.

కాఫీ!

శేషగిరికి ఒక్కసారిగా వెలిగింది. ముద్దనూరు మసీదు ముందర జీపు ఆపారు. నమాజుకు పిలిచే బాంకు వినపడగానే బాషా ఖర్జూరం నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి రోజా ఉపవాసం విడిచాడు. అప్పుడు ఫ్లాస్కు తెరిచారు. జాగారానికి పనికొస్తుందని వెంకటసుబ్బమ్మ పోసిచ్చిన చిక్కటి కాఫీ. ఉపవాసంలో కాఫీ తాగకూడదని ఏ శాస్త్రంలోనూ రాయలేదు కాబట్టి తాగొచ్చని, కమలాపురంలో పురాణం చెప్పే శేషగిరి నాయన ఎప్పుడో తీర్పిచ్చాడు. ఆ తీర్పు మీద శేషగిరి ఒకటిన్నర గ్లాసు తాగాడు. పొద్దుటి నుంచీ నీళ్ళు కూడా లేని బాషా రెండు గ్లాసులు గటగటా పోసుకున్నాడు. సావిత్రమ్మ నిండు గ్లాసు తాగింది. తన కళ్ళ ముందే తాగింది.

కాఫీ చేదుగా ఉంది. డికాషన్ ఎక్కువైందనుకున్నాడు, తెలివితక్కువ మనిషి!

తాగనిది ఒక్కడే. "నాకు నీళ్ళు గూడ వద్దు సార్, కటిక ఉపవాసం" అన్నాడు గురుప్రసాద్. పులివెందుల నుంచీ ఆ ఫ్లాస్కు ఎవరి ఒళ్ళో ఉంది?

గురుప్రసాద్ ఒళ్ళో!

"సామీ... చూసుకోండి!"

సావిత్రమ్మ కేక.

ముందర లాంతరు. ఊగుతూ ఉంది. ఒకటి... కాదు రెండు. కాదు ఒకటే. లాంతరు కింద చక్రం. చక్రం పక్కన ఎద్దు. ఎద్దుల బండి! శివరాత్రి తిరునాళ్ళకు పోతున్న జనం!

చూశాడు. బండి అని తెలిసింది. బ్రేకు తొక్కాలని కూడా తెలిసింది. కాలు మాత్రం ఇంకా వినలేదు!

పక్క నుంచి ఒక చెయ్యి స్టీరింగు మీద పడింది. ఒక్క గుంజుడు! జీపు బండిని వెంట్రుకవాసిలో తప్పించుకుని మట్టిలోకి దిగి మళ్ళీ రోడ్డెక్కింది. వెనక తిట్లు, ఎద్దుల గంటలు, పిల్లల ఏడుపు.

సావిత్రమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "మేలుకోండి సామీ. మీరు గూడ పడుకుంటే మేమేం గావాల?"

"లేదమ్మా. నేను బాగానే ఉండా."

నిద్రమాత్రతో చిక్కే అది. తూలేవాడికి తను తూలుతున్నట్టు తెలియదు. బాగానే ఉన్నాననుకుంటాడు. తాగినోడన్నా ఒప్పుకుంటాడేమో గానీ, వీడు ఒప్పుకోడు.

కిటికీలోంచి తల బయట పెట్టి గాలి పీల్చాడు. చెంప కొరుక్కున్నాడు. నొప్పి లేదు. అది చూసి భయమేసింది.

వెనక లైట్లు రెండు కాదు, నాలుగు. శేషగిరి ఒక కన్ను మూశాడు. రెండయ్యాయి. తెరిచాడు. నాలుగు!

పావు మైలు కూడా లేదు.

ఎదురుగా వాలు. వాలు కింద పెన్నేరు. ఈ కాలంలో నీళ్ళెక్కడివి? ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఇసుకే. అవతల జమ్మలమడుగు దీపాలు మినుకు మినుకుమంటున్నాయి. గుడి గంటలు వినపడుతున్నాయి. ఊరంతా మేలుకునే ఉంది. దాటితే చాలు!

దాటాలంటే మాత్రం దారి కనపడాలి. శేషగిరి ముందర దారులు మూడున్నాయి. మూడూ కదులుతున్నాయి.

ఇంకొక్క నిమిషం నడిపితే సావిత్రమ్మను చంపేది వెనక కారు కాదు... తనే!

లైట్లు ఆర్పేశాడు.

"సార్! ఏం జేస్తాండారు?!" గురుప్రసాద్ అరిచాడు.

స్టీరింగు కుడికి తిప్పాడు. బండ్ల బాట. జీపు గట్టు దిగి, జమ్ము పొదల్లోంచి దూసుకుపోయి, మెత్తగా ఇసుకలో కూరుకుపోయింది.

పైన రోడ్డు మీద కారు చప్పుడు. దగ్గరికొచ్చింది... దాటింది... పోయింది.

శేషగిరి ఊపిరి వదిలాడు. ఎక్కువసేపు ఉండదు ఈ అదృష్టం. అవతలి గట్టు ఎక్కి చూస్తారు, జీపు కనపడదు, వెనక్కి తిరుగుతారు.

ఈ లోపల దొంగను పట్టాలి!

రివాల్వర్ తీశాడు. టార్చి తీశాడు. దిగాడు. నేల ఉందనుకున్న చోట లేదు. మోకాళ్ళ మీద పడి లేచాడు.

"దిగండి. ఇద్దరూ."

దిగారు. టార్చి వెలుగులో ఇద్దరి మొహాలు. సావిత్రమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. గురుప్రసాద్ మొహం మీద చెమట.

"కాఫీలో మందు కలిసింది. నిద్రమాత్రలు. కలిపినోడు ఈడనే ఉండాడు."

"అయ్యో దేవుడా!" సావిత్రమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నిలబడు గురుప్రసాద్. తల కదిలించొద్దు. నా వేలు చూడు. కండ్లతోనే చూడు."

పోయినేడు ఓ ఆసుపత్రిలో డాక్టరు చూపించాడు ఈ పరీక్ష. అత్తింటివాళ్ళ మీద కోపంతో మాత్రలు మింగి, ఏమీ మింగలేదని బుకాయిస్తున్న కుర్రాడి ముందు డాక్టరు వేలు పెట్టి అటూ ఇటూ జరిపాడు. మామూలు మనిషి కళ్ళు వేలి వెంట నున్నగా జారతాయి. మాత్ర మింగినవాడి కళ్ళు జారవు. ఆగి ఆగి పోతాయి. వేలు పక్కకు పోయేకొద్దీ టకటకా కొట్టుకుంటాయి, నిలబెడదామన్నా నిలబడవు. "నోరు ఎన్నయినా చెప్తుంది ఎస్సైగారూ. కళ్ళకు బుకాయించడం రాదు" అన్నాడు డాక్టరు. శేషగిరికి ఆ మాట భలే నచ్చింది. నచ్చిన మాటను మనిషి రెండోసారి అడిగి చూడడు.

వేలు గురుప్రసాద్ ముక్కు ముందర పెట్టాడు. మెల్లగా కుడికి జరిపాడు.

గురుప్రసాద్ కళ్ళు కుడికి జారాయి. నున్నగా. ఎక్కడా ఆగలేదు. అంచుకు పోయి నిలబడ్డాయి.

ఎడమకు జరిపాడు. మళ్ళీ అంతే.

"ఇప్పుడు మీరమ్మా."

సావిత్రమ్మ ముందుకొచ్చింది. వేలు జరిపాడు. ఆమె కళ్ళు వేలి వెంట పోబోయాయి... ఆగాయి... గెంతాయి. మళ్ళీ ఆగాయి. అంచుకు పోయేసరికి నల్లగుడ్లు గిలగిలా కొట్టుకున్నాయి!

పాపం! ఆమెకూ ఎక్కింది. ఒక్క గ్లాసే తాగింది కాబట్టి ఇంకా కాళ్ళ మీద నిలబడి ఉంది.

రివాల్వర్ గురుప్రసాద్ వైపు తిరిగింది.

"ముగ్గురికి మత్తెక్కినాది. నీకెందుకు ఎక్కలా?"

"నేను కాఫీ ముట్టలేదు గదా సార్! నాకెట్ల ఎక్కుతాది?"

"అదే నేనూ అడగతాండా. ఎందుకు ముట్టలా?"

"శివరాత్రి సార్! ఉపవాసం!"

"దారంతా ఫ్లాస్కు ఎవరి ఒళ్ళో ఉండింది?"

"వదినే పట్టుకోమన్నాది సార్..."

"వదినే కబురు పెట్టింది, వదినే పట్టుకోమన్నాది! అన్నీ ఆయమ్మ మీదికి తోస్తాండావే!"

"సార్, నా మాట ఇనండి!" గురుప్రసాద్ చేతులు జోడించాడు. "వదిన కండ్లు ఈ పొద్దు గాదు, ఎప్పుడూ అట్లనే ఆడతాయి! శానా ఏండ్ల నుంచి! మా అమ్మ రోజూ మిరపకాయలు తిప్పి దిష్టి తీసేది. ఎంత తీసినా ఆగవు సార్!"

శేషగిరికి నవ్వొచ్చింది. "డాక్టరు చెప్పిన పరీక్ష నేను జేస్తాంటే దిష్టి కత చెప్తాండావా నువ్వు? మిరపకాయలంట!"

"నిజం సార్! మా అమ్మ తోడు!"

"చాల్లే. చెయ్యి చాపు."

బేడీ పడింది. ఒక కొస గురుప్రసాద్ మణికట్టుకు, ఇంకో కొస జీపు ముందరి ఇనప కమ్మీకి. తాళంచెవి శేషగిరి జేబులో పడింది. గురుప్రసాద్ ఇసుకలో కూలబడి ఏడవడం మొదలుపెట్టాడు. మెరుగు పెట్టే ఖాజా లాగానే ఏడుస్తున్నాడు. వీళ్ళందరికీ ఏడుపు ఎవరు నేర్పారో!

అయిపోయింది. దొంగ దొరికాడు. ఇక తెల్లారేదాకా ఆమెను కాపాడితే చాలు.

శేషగిరి జీపు చక్రానికి ఆనుకున్నాడు. ఆనుకున్నవాడు జారాడు. లేవబోయాడు. కాళ్ళు లేవు! ఉన్నాయి... ఎక్కడో దూరంగా ఉన్నాయి.

అవతలి గట్టు మీద లైట్లు వెనక్కి తిరిగాయి!

"వస్తాండారు సామీ!" సావిత్రమ్మ పక్కన కూచుంది. గొంతులో వణుకు. "ఏం జేయాల ఇప్పుడు?"

తను కాల్చలేడు. కాల్చడానికి ముందు చూడాలి. చూడ్డానికి ముందు కళ్ళు నిలబడాలి.

మాత్ర కాళ్ళకంటే ముందు బుద్ధిని పట్టుకుంటుంది. తెలివిలో ఉన్న పోలీసు ఎవడూ చేయని పని ఆ క్షణాన శేషగిరికి ఎంతో తెలివైన పనిగా కనిపించింది.

రివాల్వర్ ఆమె చేతిలో పెట్టాడు.

"పట్టుకోమ్మా. భయపడొద్దు. వాడు కదిలితే కాల్చు. గట్టు దిగి ఎవరొచ్చినా కాల్చు. రెండు చేతులతో పట్టుకో... ఇట్ల..."

"అట్లనే సామీ."

రెండు చేతులు అవసరం లేకపోయింది. ఒక చేత్తోనే పట్టుకుంది. ఆ చెయ్యి వణకడం లేదు.

రెండో చేత్తో ఇసుకలో పడిన టార్చి తీసుకుంది. లేచి నిలబడింది. గట్టు వైపు తిప్పింది. వెలిగించింది. ఆర్పింది. వెలిగించింది.

"ఆర్పమ్మా!" శేషగిరి నాలుక మడతపడింది. "ఆర్పు! వాళ్ళు... చూస్తారు!"

"చూడాలనే సామీ."

ఆ గొంతులో వణుకు లేదు!

శేషగిరి తల ఎత్తాడు. ఆమె మాట ఎక్కడా తడబడలేదు. మొదటి నుంచీ తడబడలేదు. బాషా మాట ముద్దయింది, తన మాట ముద్దవుతోంది. నిండు గ్లాసు తాగిన మనిషి మాట గంటలా మోగుతోంది. ఎద్దుల బండి అడ్డమొచ్చినప్పుడు ఆమె చెయ్యి తన కాలికంటే ముందు కదిలింది!

"నువ్వా..."

"నేనే సామీ. పిన్నమ్మ ఇంట్లోనే ఫ్లాస్కులో కలిపినా." సావిత్రమ్మ నెమ్మదిగా వచ్చి ఎదురుగా కూచుంది. కోపం లేదు, తొందర లేదు. "మీ డాక్టరు మంచి పరీక్షే చెప్పినాడు. కండ్లాడితే మాత్ర మింగినట్టే. నిజమే. నేను మింగినా. పెండ్లయినప్పట్నుంచీ మింగతానే ఉండా. ఆయన కొట్టిన రాత్రి రెండు, కొట్టని రాత్రి ఒకటి. ఇన్నేండ్లయినాక మీకు మత్తెక్కే మాత్ర నాకు బొరుగుల్తో సమానం. కండ్లు మాత్రం ఆడతానే ఉంటాయి. మా అత్త దిష్టనుకున్నాది. అనుకోనీలే అని ఊరుకున్నా."

శేషగిరి రివాల్వర్ వైపు చెయ్యి చాపబోయాడు. చెయ్యి లేవలేదు.

"పొడిచింది ఖాజా గాదు సామీ. మా తమ్ముడు రత్నమయ్య. మైదుకూరు నుంచి చూసిపోను వచ్చినాడు. నా ఈపు మీద వాతలు చూసినాడు. ఆగలేకపోయినాడు. వాడు నా తోడబుట్టినోడు, వాన్ని ఉరికి ఎక్కించలేను గదా? ఎవురిదో ఒకరి పేరు చెప్పాల. నోటికొచ్చింది చెప్పినా. రాళ్ళేపిచ్చిందీ మేమే, ఎర్రగుంట్ల దారిలో కాపు కాస్తారని కత జెప్పిందీ మేమే. అది ఇంటే మీరు ఇట్ల తిరగతారని తెలుసు. ఈ దారి అయితే జనం తక్కువ."

"ఆ పొద్దు పెరట్లో రత్నమయ్య చేతులు కడుక్కుంటాంటే నేను చూసినా సార్!" గురుప్రసాద్ బేడీని గుంజుతూ అరిచాడు. "మూడు దినాల కిందట పులివెందులకొచ్చి వదినను అడిగినా. వదిన తోడు రమ్మంటే, కోర్టులో చెప్పకముందు మీకు చెప్పాలనే సార్ మల్లా బస్సెక్కి వచ్చినా! ఆపండి, ఒంటిగా మాట్లాడాల అంటే మీరు..."

కూచోమన్నాడు తను. గమ్మున కూచోమన్నాడు!

ఇన్ని మైళ్ళు ఎవరిని కాపాడుతూ వచ్చాడు? ఎవరిని కాపాడాల్సింది? కాపాడాల్సిన మనిషిని తన చేత్తోనే కమ్మీకి కట్టేశాడు. శేషగిరికి ఏడుపొచ్చింది. సిగ్గుతో, కసితో, చేతకానితనంతో వచ్చిన ఏడుపు. అది కూడా కళ్ళ దాకా రాలేదు.

గట్టు మీద కారు ఆగింది. తలుపు చప్పుడు. "అక్కా!" ఎవరో పిలిచారు.

"ఈడనే ఉండాం రా రత్నా!" ఆమె తల తిప్పకుండానే బదులిచ్చింది.

చీర కుచ్చెళ్ళలోంచి చిన్న సీసా తీసింది. సగం ఖాళీ. శేషగిరి చొక్కా జేబు గుండీ విప్పి, అందులో వేసి, మళ్ళీ గుండీ పెట్టింది.

"రేపు పెద్ద డాక్టరు వస్తాడు. మీ కండ్ల ముందర వేలు పెట్టి చూస్తాడు. మీ కండ్లు గెంతతాయి. జేబులో సీసా ఉంటాది. పాపం, ఎస్సైగారు మాత్రలు మింగి, మత్తులో బేడీలేసిన మనిషిని కాల్చినాడని రాసుకుంటారు. చూసిన మనిషి గావాల గదా? నేనుండా. రేపు కోర్టులో సాక్ష్యం చెప్తా."

"అమ్మా... వద్దు..."

"నాకు మాత్రం బాగుందా సామీ? ప్రసాదు నాకు పిల్లోని మాదిరి. అడగను వచ్చిన పొద్దే ఎన్నో మార్లు బతిమిలాడినా. ఇనల్యా."

ఆమె అతని కుడి చెయ్యి అందుకుంది. వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, రివాల్వర్ పిడి చుట్టూ మళ్ళీ ఒక్కొక్కటే మూసింది. చూపుడువేలిని ట్రిగ్గర్ మీద పెట్టింది. దాని మీద తన వేలు పెట్టింది.

"మీ చేతిలోనే పేలాల."

టార్చి ఇసుకలో నిలబెట్టి ఉంది. ఆ వెలుగులో ఇద్దరు గురుప్రసాద్‌లు. ఇద్దరూ బేడీలు గుంజుతున్నారు. ఇద్దరూ ఏడుస్తున్నారు.

"సార్! నిద్రపోవద్దండి సార్! ఒక్క నిమిషం... మేలుకోండి సార్!"

అవతల జమ్మలమడుగులో గంటలు మోగుతున్నాయి. ఊరంతా మేలుకునే ఉంది.

మేలుకోవాలి! ఒక్క పని. ఒకే ఒక్క పని. మణికట్టు తిప్పాలి. గొట్టం ఇసుకలోకి పోవాలి. బెత్తెడు చాలు!

శేషగిరి ఒంట్లో మిగిలిన ప్రాణమంతా మణికట్టులోకి తెచ్చుకున్నాడు.

తిప్పాడు!

బలంగా తిప్పేశాడు! గొట్టం కిందికి వంగింది. ఇసుకలో దిగబడింది. బతికాడు! గురుప్రసాద్ బతికాడు!

అనుకున్నాడు.

ధన్!!

గురుప్రసాద్ ఏడుపు ఆగిపోయింది.